గుర్రం వారి మేనకోడలు

"గుర్రం. అదీ ఇంటిపేరు," అన్నాడు చీఫ్ ఏజెంట్ డేగతో. "పాత పేపర్లో ఎక్కడో ఫొటో పడింది. అది శత్రువుల చేతికి చిక్కిందా, మనవాడి తల ఎగిరిపోతుంది. వెతుకు. కాల్చెయ్. ఎవరికీ ఇవ్వకు."

మనవాడంటే నీడ. శత్రుదేశపు రక్షణశాఖలో మారుపేరుతో గుమాస్తాగిరీ చేస్తున్న ఏజెంట్. ఒకప్పుడు డేగకు తగలాల్సిన తూటాకి తను అడ్డుపడ్డాడు. నీడ కోసం డేగ ప్రాణమైనా ఇస్తాడు.

కానీ న్యూస్‌పేపర్ ఆర్కైవ్స్‌లో కూర్చున్నాక ఏడుపొక్కటే తక్కువ! రిసెర్చ్ స్కాలర్ వేషంలో గడ్డం దురద పెడుతోంది. ఏ పేజీ తిప్పినా గుర్రమే. రేసులో గెలిచిన గుర్రం, బండి లాగనని మొండికేసిన గుర్రం, మంత్రిగారిని కిందపడేసిన గుర్రం. ఛీ, ఇదేం ఇంటిపేరురా బాబూ! పైగా ఆర్కైవిస్టు కళ్ళద్దాల మీంచి కొరకొరా చూస్తూ, "పేజీ చిరిగిందో, ఊరుకునేది లేదు!" అని కసురుతున్నాడు.

చివరికి దొరికింది. కాలేజీ డిబేట్‌లో కప్పు అందుకుంటున్న యువకుడు. కింద ఇంటిపేరు. సందేహం లేదు, నీడే.

"కిటికీ తెరవమంటారా?" వెనక నుంచి ఆడగొంతు.

"దోమలొస్తాయి," అన్నాడు డేగ. కోడ్ సరిపోయింది.

నల్లకోటు, ఎర్రటి లిప్‌స్టిక్. హెడ్‌క్వార్టర్స్ మొత్తం కళ్ళుమూసుకుని నమ్మే అందగత్తె, మందారం.

"ఆ పేజీ ఇలా ఇవ్వండి. నేనే కాల్చేస్తాను."

"ఎవరికీ ఇవ్వొద్దని ఆర్డర్."

"నాక్కూడానా?" ఆమె కళ్ళు చెమర్చాయి. "ఆయన నాకు స్వయానా మేనమామ. మా అమ్మకి తమ్ముడు. నన్నెత్తుకుని పెంచాడు. నాకింకా పెళ్ళి కూడా కాలేదు, మా ఇంటిపేరూ గుర్రమే. కావాలంటే ఐడీ చూడండి!"

డేగకు ఒళ్ళు మండిపోయింది. మేనమామ ఇంటిపేరు పెళ్ళికాని మేనకోడలికి ఎలా వస్తుంది? వాళ్ళమ్మకి పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటేనా? మామయ్యనీ బాబాయినీ ఒకే గాటన కట్టేసి పంపించారన్నమాట, శత్రుదేశపు దొంగవెధవలు!

"అయ్యో పాపం," అంటూ పేజీ అందించబోయాడు. ఆమె ఒక చెయ్యి పేజీ మీద వేసి, రెండో చేత్తో లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పిస్టల్ గొట్టం. డేగ టేబుల్‌ని ఒక్క తన్ను తన్నాడు. తూటా సీలింగ్‌లోకి దూసుకుపోయింది. ఆమె పేజీ పట్టుకుని లాగింది. అంచు చిరిగి ఆమె గుప్పిట్లో మిగిలింది. మిగతా పేజీకి డేగ లైటర్ తీసి అంటించాడు. ఆమె మీదపడేలోపే నీడ ముఖం బూడిదైపోయింది.

"నీ అంతు చూస్తా!" బేడీలు పడుతుంటే పళ్ళు నూరింది మందారం. ఆర్కైవిస్టు కూడా గొంతు చించుకుంటున్నాడు. పిస్టల్ గురించి కాదు, పేజీ గురించి.

సాయంత్రం ఫోన్లో చీఫ్ అన్నాడు: "నీడ క్షేమం. మందారం కోడ్ కరెక్ట్, ఐడీ కరెక్ట్. దాన్ని ఎలా పట్టేశావోయ్?"

డేగ చెప్పాడు. చీఫ్ నవ్వలేదు.

"ఈ సంగతి బయటికి పొక్కనివ్వకు. తెలిస్తే శత్రువులు ట్రైనింగ్‌లో చుట్టరికాలు కూడా చేర్చేస్తారు."

"చేర్చుకోనివ్వండి సార్. ముందు మనవాళ్ళ సంగతి చూడండి. కొత్త బ్యాచ్‌కి అందరూ అంకుల్సే."