దగ్గని మనిషి

"వానకి తలదాచుకోవడానికైతే వరండా ఉందండీ. లోపలికి రావాలంటే టికెట్ తీసుకోవాలి. ఆ బురద కాళ్ళతో అయితే టికెట్ తీసుకున్నా రానివ్వను."

కరుణాకర్ వంగి చూసుకున్నాడు. తళతళలాడే నల్లరాతి గచ్చు మీద, గుమ్మం నుంచి తన దాకా, తన బూట్ల గుర్తులే ఉన్నాయి. తలెత్తితే ఎదురుగా నడుం మీద చెయ్యి పెట్టుకుని ఒకమ్మాయి. మెళ్ళో వేలాడే కార్డు మీద 'తేజశ్రీ, గైడ్' అని ఉంది. చూసినవాళ్ళకి అది ముచ్చటైన పేరు. కరుణాకర్‌కి మాత్రం ముందు మిరపకాయ గుర్తొచ్చింది. గుంటూరు యార్డులో తేజ అంటే మహా ఘాటైన రకం. ఈ పిల్లకి సరిగ్గా కుదిరిందనుకున్నాడు.

"ఇది మ్యూజియమా?"

"బయట అంత బోర్డు పెట్టాం, చూళ్ళేదా?"

"ఆ వానలో ఏం కనిపిస్తుందండీ! బండి ఆపి, దొరికిన చూరు కిందకి దూరాను."

"పోనీ, ఇప్పుడు తెలిసిందిగా. బూట్లు విప్పి, టికెట్ తీసుకుని రండి."

చీరాల దాటి సముద్రం ఒడ్డుకు వెళ్తే, రేవులో ఇంగ్లీషు దొరలు కట్టించిన పాత సుంకాల కచేరీ ఉంది. పొగాకు బేళ్ళకీ, నూలు మూటలకీ అక్కడ పన్ను కట్టాకే ఓడెక్కించేవాళ్ళు. దొరలు పోయారు, ఓడలూ పోయాయి. ఏళ్ళ తరబడి పావురాలు కాపురం చేశాక, దానికి సున్నం కొట్టి మ్యూజియం చేశారు. పెద్ద హాల్లో సీలింగు నుంచి వేలాడే గుడ్డ పంకా, దాన్ని లాగే తాడు, దొర కూర్చున్న పడక్కుర్చీ, అన్నీ తేజశ్రీ చూపిస్తూ పోయింది. కరుణాకర్ వాటిలో ఒక్కటీ సరిగ్గా చూడలేదు. ఏం చూశాడో మనం చెప్పక్కర్లేదు.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగింది ఆమె.

"స్పైసెస్ ఎక్స్‌పోర్ట్స్" అన్నాడు.

అది అబద్ధం కాదు. నిజమా అంటే అదీ కాదు. మిర్చి యార్డులో వాళ్ళ నాన్న ఆదెయ్యకి కమిషన్ కొట్టు ఉంది. పొద్దున్నే మిరప బస్తాల, అదే టిక్కీల, మూతులు విప్పి, గుప్పెడు కాయలు తీసి వ్యాపారులకు చూపించడం కొడుకు పని. ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గు ఎందుకంటే, దానికో కథ ఉంది. పోయినేడు పొన్నూరులో పెళ్ళిచూపులకు వెళ్తే, పెళ్ళికూతురు కాఫీ కప్పు అందించబోయి తుమ్మింది. కూర్చుని తుమ్మింది. లేచి వెళ్తూ కూడా తుమ్మింది. "అబ్బాయి బంగారమేగానీ, ఆ ఘాటు మా అమ్మాయికి పడదండీ" అని మర్నాడు కబురొచ్చింది. ఆ రోజు నుంచి కరుణాకర్ ఇంట్లోంచి బయటికి రావాలంటే తలంటుకుని, సెంటు కొట్టుకుని గానీ రాడు.

ఆ వాన తర్వాత ప్రతి ఆదివారమూ అతనికి సముద్రం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. యార్డుకి సెలవు, బండికి పెట్రోలు, ఒంటికి సెంటు.

"ఉన్నవి ఆ నాలుగు గదులేగా. ఎన్నిసార్లు చూస్తారండీ?" అని తేజశ్రీ నవ్వేది.

"దొర కుర్చీ ఇంకా అర్థం కాలేదు."

"అందులో అర్థం కావడానికి ఏముంది?"

"అదే మీరు చెప్తుంటే వినాలని."

ఆమె కోపం తెచ్చుకోబోయి, కుదరక, కిటికీలోంచి సముద్రం వైపు చూసేది. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. 'తిన్నారా' అనే మెసేజీ దాకా వచ్చింది వ్యవహారం. ఆ తర్వాత ఏమొస్తుందో ఇద్దరికీ తెలుసు. ఎవరు ముందు అనాలన్నదే మిగిలింది.

అంతలో తేజశ్రీ ఫోన్ చేసింది. "శుక్రవారం స్కూలు పిల్లలొస్తున్నారు. పంకా తాడు లాగి చూపించే మా అటెండరు సెలవులో ఉన్నాడు. మీరొస్తారా?"

రానని ఎవరంటారు! శుక్రవారం యార్డు పని ముగియగానే పంపు దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొత్త చొక్కా తొడుక్కుని, సెంటు సగం సీసా ఒంపుకుని బయల్దేరాడు. పొద్దుటి నుంచీ మొహం తుడుచుకున్న తువ్వాలు మాత్రం అలవాటుగా బ్యాగులోకి చేరింది.

హాలు నిండా పిల్లలు. ఏసీ కోసం తలుపులూ కిటికీలూ అన్నీ మూసి ఉన్నాయి. తేజశ్రీ దొరల కథ చెప్తోంది. పంకా గుడ్డ మీద దుమ్ము కనిపించింది కరుణాకర్‌కి. యార్డులో ఎవరైనా సరే, కూర్చోబోయే ముందు తువ్వాలు తీసి టపటపా దులుపుతారు. ఆ చెయ్యి ఊరుకుంటుందా? స్టూలెక్కి, తువ్వాలు తీసి, పంకాని ఈ చివర నుంచి ఆ చివర దాకా దులిపి, దిగొచ్చి హుషారుగా తాడు లాగడం మొదలుపెట్టాడు.

ముందు వరసలో ఒక పాప దగ్గింది. తర్వాత వరసంతా దగ్గింది. చూస్తుండగానే హాలంతా దగ్గులూ, తుమ్ములూ, కళ్ళు నులుముకుంటూ ఏడుపులూ. "తలుపులు తియ్యండి!" అని పిల్లల్ని తెచ్చిన హెలెన్ టీచర్ కేకలు పెడుతోంది. మ్యూజియం ఆఫీసర్ అయూబ్ గారు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పిల్లల్ని బయటికి తోస్తున్నారు. తేజశ్రీ ఒక పాపని ఎత్తుకుని కళ్ళనీళ్ళతో పరిగెత్తింది.

ఏమైందో తెలియక కరుణాకర్ ఇంకా తాడు లాగుతూనే ఉన్నాడు. గొంతు గరగర లేదు, కళ్ళలో మంట లేదు. అంత హాల్లో తనొక్కడే బాగున్నాడని తెలిశాక, భుజం మీదున్న తువ్వాలు వంక చూసుకున్నాడు. దాన్నిండా యార్డు మిరప దుమ్మే.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తువ్వాలు బ్యాగులో కుక్కి, వెనక వరండాలోంచి బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. బాపట్ల దాకా వెనక్కి తిరిగి చూడలేదు. పొన్నూరు పెళ్ళిచూపుల్లో పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది! అప్పుడు ఎవరో తుమ్మారు, అంతే. ఇప్పుడు తను పారిపోయాడు.

మర్నాడు తేజశ్రీ మెసేజ్ పెట్టింది. 'పంకా కర్రకి నిన్న పిల్లలు రాకముందు నేను చెదల మందు కొట్టాను. దాని ఘాటే అంటున్నారు. పిల్లలకి బాగానే ఉందిగానీ, ఒంట్లోకి విషం వెళ్ళిందేమోనని వాళ్ళ అమ్మానాన్నలు భయపడుతున్నారు. సోమవారం అయూబ్ సార్ అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడతారట. అప్పటిదాకా నన్ను రావద్దన్నారు.'

ఇంతే. 'తిన్నారా' అని లేదు.

కరుణాకర్ జవాబు రాయడం, చెరపడం, రాయడం. అన్నం ముందు కూర్చుని లేచాడు. "ఏరా, కాయ రేటు పడిపోయినట్టు ఆ మొహమేంట్రా?" అన్నాడు ఆదెయ్య. తండ్రికి ఏమని చెప్తాడు? తన సిగ్గు దాచుకోవడానికి ఒకమ్మాయి ఉద్యోగం పణంగా పెట్టానని చెప్తాడా? చెబితే ఆమె ఇక మొహం చూడదు. చెప్పకపోతే తన మొహం తనే చూసుకోలేడు. ఆదివారమంతా ఈ రెంటి మధ్యా నలిగాడు.

సోమవారం అతను సెంటు కొట్టుకోలేదు. యార్డు నుంచి అదే చొక్కాతో బయల్దేరాడు.

అయూబ్ గారి గదిలో హెలెన్ టీచర్, గోడవారగా తేజశ్రీ ఉన్నారు. "ఎవరండీ మీరు? మీటింగు జరుగుతోంది" అన్నారు అయూబ్ గారు.

"శుక్రవారం పంకా లాగింది నేనేనండీ. అది చెదల మందు కాదు. నా వల్లే జరిగింది."

"మీ వల్లా? ఎలా?"

కరుణాకర్ బ్యాగులోంచి తువ్వాలు తీసి, గది మధ్యలో నిలబడి, ఒక్కసారి దులిపాడు.

ముందు అయూబ్ గారు, తర్వాత హెలెన్ టీచర్, చివరికి తేజశ్రీ, వరసగా దగ్గడం మొదలుపెట్టారు.

"గుంటూరు మిర్చి యార్డులో పనిచేస్తానండీ" అన్నాడు తలొంచుకుని. "పుట్టినప్పట్నుంచీ అందులోనే. మాకు ఆ ఘాటు తెలియదు. చూడండి, నాకు దగ్గు కూడా రాదు."

"మిరప ఘాటా!" హెలెన్ టీచర్ కళ్ళు తుడుచుకుంటూనే గుండె మీద చెయ్యేసుకుంది. "దేవునికి స్తోత్రం! విషం కాదుగా. ఉండండి, తల్లులందరికీ ఇప్పుడే చెప్పేస్తాను."

"నాకు ఆ రోజే మాడిన పోపు గుర్తొచ్చింది సుమా" అన్నారు అయూబ్ గారు తుమ్మబోయి ఆపుకుంటూ. "కానీ నువ్వు చేసిన పని బాలేదయ్యా. దులిపావు, సరే, తెలియక చేశావు. చెప్పకుండా పోయావే, అది మాత్రం తెలిసే చేశావు. ఈ పిల్ల నా చేత మాటలు పడి, రెండ్రోజులు ఇంట్లో కూర్చుంది."

"తప్పైపోయిందండీ" అన్నాడు కరుణాకర్. ఆ మాట అయూబ్ గారితోనే అన్నా, చూపు మాత్రం గోడవారకు వెళ్ళింది. తేజశ్రీ అతని వంక చూడకుండా బయటికి నడిచింది.

వరండాలో సన్నగా వాన. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడింది. దూరంగా ఆగాడు కరుణాకర్.

"తేజశ్రీ గారూ, నేను..."

"నాకు తెలుసు."

"ఏంటి?"

"హాల్లో అందరూ దగ్గుతుంటే నువ్వొక్కడివే దగ్గలేదు. చూశాను. ఆ క్షణమే అర్థమైంది." మీరు కాస్తా నువ్వయింది, కోపంలో. "మా అమ్మ వేటపాలెంలో జీడిపిక్కల పనికి వెళ్తుంది. పిక్కలు కాల్చే పొగకి వీధంతా దగ్గుతుంటే, మా అమ్మ మాత్రం పాట పాడుకుంటుంది. ఆ దగ్గని మనుషులు నాకు తెలియరా?"

"మరి నా పేరు చెప్పలేదేం?"

"నేనెందుకు చెప్పాలి? నువ్వు చెప్తావని చూశాను. మెసేజ్ కూడా పెట్టాను. నిన్నంతా ఫోన్ చేత్తో పట్టుకునే కూర్చున్నాను."

కరుణాకర్‌కి ఆ గచ్చు రెండుగా చీలి తనని లోపలికి లాక్కుంటే బావుండుననిపించింది. అయ్యో, ఆదివారం పొద్దున్నే రావాల్సింది!

"మిరపకాయలోడినని తెలిస్తే మాట్లాడవేమో అనుకున్నాను."

"మిరపకాయలకి కాదు నాకు కోపం." ఆమె గొంతు తగ్గింది. "చిన్నప్పుడు అమ్మ స్కూలుకొస్తే జీడి రసంతో నల్లబడ్డ ఆ చేతులు ఎవరూ చూడకూడదని గేటు దగ్గరే ఆపేసేదాన్ని. ఇప్పటికీ కొత్తవాళ్ళొస్తే అమ్మ చేతులు కొంగులో దాచుకుంటుంది. అది నేర్పింది నేనే. సిగ్గుపడి దాక్కునేవాళ్ళని చూస్తే నాకు నేనే కనిపిస్తాను. అందుకే కోపం."

కరుణాకర్ ఒకడుగు దగ్గరికి వచ్చాడు.

"నువ్వంటే ఇష్టం తేజశ్రీ. చెప్పే అర్హత ఇవాళ లేదు. అయినా దాచడం ఇక నావల్ల కాదు."

ఆమె అతని వంక చూసింది. ఏదో అనబోయింది. దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వింది. "ముందు ఆ తువ్వాలు వానలో తడుపు. తర్వాత మా ఇంటికి రా. ఇష్టం సంగతి అమ్మ ముందు మాట్లాడు."

వేటపాలెంలో చిన్న డాబా ఇల్లు. తేజశ్రీ తల్లి కోటేశ్వరి గుమ్మంలోకి వచ్చి, కొత్త మనిషిని చూసి, గబుక్కున చేతులు కొంగులోకి లాక్కుంది. తర్వాత చిన్నగా దగ్గింది.

"గుంటూరా బాబూ?"

"అవునండీ. మిర్చి యార్డు." ఆ మాట తలొంచుకోకుండా అనడం అతనికి అదే మొదలు. "ఘాటుగా ఉంటే బయట అరుగు మీద కూర్చుంటానండీ."

కోటేశ్వరి అతన్ని కాసేపు పరీక్షగా చూసింది. మెల్లగా కొంగులోంచి నల్లటి చెయ్యి బయటికి తీసి, అతని వైపుకి కుర్చీ లాగింది.

"ఘాటు మాకు కొత్తా నాయనా? లోపలికొచ్చి కూర్చో."