పెట్టె అడుగున దొరికింది

“నరేందరూ, ఒంటికి సాఫ్‌గ అయితుందారా? ఇయ్యాల మస్తు సేపు పట్టిందే!”

పొయ్యి ముందు కూర్చొని జొన్నరొట్టె చరుస్తూనే జములమ్మ బాత్రూం రేకు తలుపు వైపు కేకేసింది. లోపలి నుంచి కొడుకు నవ్వు వినపడింది.

“జూరాల డ్యాం గేట్లు ఎత్తినట్టు అయితుంది పోవే అమ్మా! ముప్పై ఏడేండ్లొచ్చినయ్, గిది గూడ లెక్కవెడ్తవా?”

లెక్కపెడుతుంది. పదకొండేళ్లుగా పెడుతూనే ఉంది. ఆమె భర్త బక్కయ్య మూత్రం సరిగా రాని జబ్బును ఏడాదిపాటు దాచుకున్నాడు. “నీ తలమీద ఒట్టు, నాకేం లేదు” అన్న మనిషిని కర్నూలు దవాఖానకు తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయింది. అక్కడి డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి ‘ప్రోస్టేట్’ అని నాలుగుసార్లు అన్నాడు. ఐదో తరగతితో బడి మానేసిన జములమ్మ మరిచిపోలేని ఇంగ్లీషు మాట అదొక్కటే.

నరేందర్ తల తుడుచుకుంటూ వచ్చి తల్లి మంచం వైపు చూశాడు.

“గా జొన్నల సంచి మంచమ్మీద ఎందుకే? నీకే జాగ చాల్తలేదు.”

“కిందుంటె ఎలుకలు కొడ్తయి.”

“ఎలుకలకు మంచం ఎక్కుడు రాదా ఏంది?” అని నవ్వి, రొట్టె చుట్టుకొని సైకిల్ తీశాడు.

ఈ మధ్యనే వాడు ఇట్లా నవ్వుతున్నాడు. బొంబాయిలో ఎనిమిదేళ్లు మోటార్ వైండింగ్ పని చేసి, గద్వాల బస్టాండ్ దగ్గర సొంత దుకాణం పెట్టుకున్నాడు. ఐదేళ్ల కింద భార్య వనజ విషజ్వరంతో పోయింది. మళ్లీ పెళ్లి మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచేవాడు. ఆత్మకూరులో రేణుకను చూశాక మాత్రం తల ఊపాడు. ఆమె మొగుడు ట్రాక్టర్ బోల్తాపడి చనిపోయాడు. ఆర్భాటం లేకుండా వచ్చే శుక్రవారం మల్దకల్ గుడిలో దండలు మార్చుకుంటారు. నరేందర్ రోజూ గడ్డం గీసుకుంటున్నాడు.

కొత్త ధోతికి పసుపు బొట్లు పెట్టి పెళ్లికొడుకు పెట్టెలో పెట్టడం వాళ్ల ఇంటి పద్ధతి. ఆ పొద్దున జములమ్మ, కొడుకు బొంబాయి నుంచి తెచ్చుకున్న పెట్టె తెరిచింది. అడుగున తువ్వాలలో చుట్టి ఏదో ఉంది. విప్పి చూస్తే నల్లగా, మెత్తగా, బొటనవేలంత లావున వంకర తిరిగిన వస్తువు, దానికి అడుగున వెడల్పాటి పీట. పక్కన ఒక జెల్లీ సీసా, మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం. కాగితం మీద మగమనిషి నడుము కింది భాగాన్ని నిలువునా కోసినట్టు బొమ్మ.

కర్నూలులో డాక్టరు గీసిన బొమ్మే అది.

చెల్లెలి కూతురు ఉమ అదే వాడకట్టులో ఉంటుంది, సబ్‌సెంటర్‌లో నర్సు. కాగితం తీసుకొని ఆమె దగ్గరికి పరిగెత్తింది. ఉమ కూడబలుక్కొని చదివింది.

“ప్రోస్టేట్ అని ఉంది పెద్దమ్మా. మసాజ్ అని గూడ ఉంది. ఏదో పరికరం. అన్నను అడుగుదాం, జర ఆగు.”

“అడిగితే చెప్తడా? వాళ్ల నాయిన చెప్పిండా?”

ఆగలేదు. మరునాడు ఎవరికీ చెప్పకుండా ఆత్మకూరు బస్సెక్కింది. రేణుక అన్న కృష్ణయ్య ముందు నిలబడి, “మావానికి వాళ్ల నాయిన రోగమే వచ్చింది. మీ పిల్ల ఉసురు నేను పోసుకోలేను” అని ఏడ్చేసింది. గడప దగ్గర పిండి చేతులతో నిలబడ్డ రేణుక ఒక్కమాటే అడిగింది:

“నువ్వొచ్చినట్టు ఆయనకు తెల్సా?”

జములమ్మ తల అడ్డంగా ఊపింది. రేణుక లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నరేందర్ దుకాణం షట్టర్ దించి ఇంటికొచ్చాడు. ఉమ అప్పటికే అక్కడ ఉంది, పెద్దమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదని చూడటానికి వచ్చింది.

“కృష్ణయ్య ఫోన్ చేసిండు,” అన్నాడు నరేందర్. గొంతు పైకి లేవలేదు. “మొగున్ని పాతిపెట్టుడు మా చెల్లెకు ఒక్కసారి చాలు, పెండ్లి బంద్ అన్నడు. నాకేం రోగమే అమ్మా?”

జములమ్మ కొంగు చాటు నుంచి తువ్వాల తీసి మంచం మీద విప్పింది.

“ఇంగ దాచకు బిడ్డా! ఈ మందుతోని తగ్గుతుందా? హైదరాబాద్ పోదాం. చెరువు కింది పొలం అమ్ముదాం.”

నరేందర్ తువ్వాల అంచు దాని మీదికి కప్పి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అతని చెవులు ఎర్రబడటం ఉమ చూసింది. ఆమెకు అప్పుడు అర్థమైంది.

“అన్నా, ఇది రోగానికి కాదు గదా?”

“కాదు.”

“మరి దేనికిరా?” అంది జములమ్మ.

“నాకోసం!” అతను ఒక్కసారిగా అరిచి, మళ్లీ తగ్గాడు. “నాకోసమే అమ్మా. గా కాగితం బొమ్మల ఉన్నకాడ, ఎనక నుంచి తగిలితే మొగోనికి సుఖం ఉంటది. వనజ పోయినంక నా శరీరం గూడ సచ్చింది అనుకున్న. బొంబాయిల నాతోని పనిచేసినాయన చెప్పిండు. పైసలిచ్చి వేరే ఆడోళ్ల దగ్గరికి పోబుద్ధి గాలె. ఇదైతే ఎవరికీ అన్యాయం లేదనుకున్న.”

జములమ్మ చెవులు మూసుకుంది. కానీ చేతులు గట్టిగా నొక్కలేదు.

ఉమ నేల చూస్తూ, సబ్‌సెంటర్‌లో అడిగినట్టే అడిగింది. “నొప్పిగిట్ల, రక్తంగిట్ల ఏమన్న?”

“లేదు. చిన్నదే తీసుకున్న. బొంబాయిల దుకాణపాయన మొదాలు పీట లేనిది చూపిచ్చిండు, అది లోపలికి జారితే దవాఖానల కోసి తియ్యాలె అని ఆయనే పక్కకు పెట్టిండు. అతుకులు ఉన్నయా అని గోరుతోని గీకి చూసిన. మోటార్‌ది గూడ ఉండె, పొద్దంత మోటార్లతోనే సస్త, ఇంట్లగూడ ఎందుకని వద్దన్న.” నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “జెల్లీ బాగ పెట్టి నిదానంగ వాడ్త. జర నొప్పైనా తీసేస్త. సబ్బుతోని, వేడినీళ్లతోని కడుగుత. ఎవరికీ తెల్వొద్దని పెట్టె అడుక్కు పెట్టిన.”

“అయితే తప్పు లేదన్నా,” అంది ఉమ చిన్నగా. లేచి వెళ్లిపోయింది.

కొడుక్కి రోగం లేదు. ఆ మాట జములమ్మ మనసుకు అందడానికి చాలాసేపు పట్టింది. అందగానే చీర సర్దుకుంటూ లేచింది.

“రెండు గంటల బస్సుంది. ఆత్మకూరు పోత. కృష్ణయ్య కాళ్లు మొక్కుత. రోగం లేదని చెప్త.”

“మరి ఏం చూసి రోగమనుకున్నవ్ అంటే ఏం చెప్తవ్?”

ఆమె గడపలోనే ఆగిపోయింది. అంత పెద్ద అబద్ధం అల్లడం ఆమెకు రాదు. నిజం చెబితే ఆత్మకూరు బజారు మొత్తం నవ్వుతుంది. ఒక్క రోజు ఆగి కొడుకును అడిగి ఉంటే శుక్రవారం దండలు పడేవి. పిండి చేతుల రేణుక కళ్ల ముందు నిలబడింది. జములమ్మ గడప మీదే కూర్చుంది.

“నీకు నా ముఖం చూడబుద్ధైతలేదు గదా?” అన్నాడు నరేందర్. “అసహ్యమైతుందా? బాపు పోయిననాడు నీకు నలభై నాలుగే. పదకొండేండ్లాయె. నీకు ఒక్కసారి గూడ ఎవరన్న పక్కన ఉంటే బాగుండు అనిపియ్యలేదా అమ్మా?”

వాకిట్లో ఎండ గోడ దాకా జరిగింది. రెండు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. నరేందర్ ఆ వస్తువును తువ్వాలలో చుట్టాడు, ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లోనే పెట్టుకొని తల దించుకున్నాడు. ఆమె లేచి వచ్చి, ఆ మూటను అతని చేతుల్లోంచి తీసుకొని, కొత్త ధోతి కింద పెట్టెలో పెట్టి మూత వేసింది. మంచం మీద కొడుకు పక్కన కూర్చుంది. చెయ్యి జొన్నల సంచి మీద పడింది.

“ఈ సంచి ఎలుకల కోసం కాదు బిడ్డా,” అంది చివరికి. “వీపుకు ఏదన్న ఆనుతుంటెనే నాకు నిద్రవడ్తది.”