అడ్మిరల్ నాణెం మోగలేదు

"టీ కూజా ఎడమ చేత్తో పట్టుకో. కుడి చెయ్యి ఖాళీగా ఉండాలి."

స్టిగ్లర్ చెబుతుంటే వెండెల్ ప్రూయిట్ నల్ల వెయిటర్ కోటు గుండీలు పెట్టుకున్నాడు. పై గుండీలో కెమెరా, మాటలు పంపే మైకు, ఎడమ చెవిలో బియ్యపుగింజంత రిసీవర్. నార్‌ఫోక్ రేవు పక్కన పెద్ద హోటల్, దాని నేలమాళిగలో దుప్పట్లు ఉతికే గది. ఉదయం పదిన్నర అయింది. స్టిగ్లర్ నౌకాదళ గూఢచారి విభాగానికి ఇక్కడి బాస్. ప్రూయిట్ ఓడల మీద ఇరవై రెండేళ్లు పనిచేసి, నావికుల పైన పెద్దగా, అంటే చీఫ్‌గా రిటైరై ఆ విభాగంలో చేరినవాడు. నార్‌ఫోక్‌లో రిటైరైన నావికులు సగం మంది హోటళ్లలోనే పనిచేస్తారు కనుక ఈ వేషాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

"లంచ్‌కి మూడొందల మంది," అన్నాడు స్టిగ్లర్. "అందరూ ఆయుధాల కంపెనీల వాళ్లే. స్పీకర్ అడ్మిరల్ క్రెన్‌షా. ఒకటీ పదికి స్పీచ్ అయిపోతుంది. ఒకటీ నలభై ఐదుకి నేవీ బేస్‌లో, ఫోన్లు కూడా తీసుకెళ్లనివ్వని గదిలో మీటింగ్. అక్కడ గువ్వ అసలు పేరు చదువుతారు. ఏ దారిన దేశం దాటించాలో తేలుస్తారు."

గువ్వ పేరు వినగానే ప్రూయిట్ చేతులు ఆగిపోయాయి. గువ్వ శత్రుదేశపు రేవులో క్రేన్ నడిపే మనిషి. భార్య, అకార్డియన్ నేర్చుకుంటున్న పదకొండేళ్ల కూతురు. మూడేళ్లుగా ఏ ఓడలో ఏం ఎక్కుతోందో కబురు పంపుతున్నాడు. అతన్ని ఈ పనిలోకి దించింది ప్రూయిటే. దిగేముందు ఆ మనిషి ఒక్కటే అడిగాడు: నా పేరు ఎవరి నోటా రాకూడదు. రాదని ప్రూయిట్ మాటిచ్చాడు.

"ఆ గదిలోకి మైకు పంపడానికి ఆ దేశపు ముఠా మనుషులెవరో ఇవాళ ఇక్కడికొస్తున్నారు," అన్నాడు స్టిగ్లర్. "అడ్మిరల్ ఒంటిమీదో, సామాన్లోనో పెట్టి పంపుతారు."

"దేంట్లో?"

"అది ముఠాలో ఉన్న మన మనిషి కోరిన్ చెప్తుంది. కోడ్ గుర్తుందిగా?"

"టీలో నిమ్మకాయ ముక్కలు. ఒకటంటే ఫైలు, రెండంటే బహుమతి, మూడంటే కారు."

"అదీ. ఇంకో మాట. అడ్మిరల్ జోలికి పోకు. నీ కోపం నాకు తెలుసు."

తెలియకేం! రెండేళ్ల కిందట ఇలాంటి లంచ్‌లోనే, ఇదే క్రెన్‌షా, కోడికూర నములుతూ ఎవరో రాడార్ల వ్యాపారి అడిగిన ప్రశ్నకి కన్నుగీటి, "ఆ రేవు సంగతి బెంగపడకండి, మా మనిషి అక్కడే ఉన్నాడు" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. తొమ్మిదో రోజున ఆ మనిషి, వీళ్ల లెక్కలో పిచ్చుక, రేవు నీళ్లలో తేలాడు. అతన్నీ ప్రూయిటే తెచ్చాడు. విచారణ జరిగింది, కాగితాలు కట్టగట్టారు. క్రెన్‌షా భుజమ్మీదికి ఇంకో నక్షత్రం వచ్చింది. ఆ నక్షత్రం కంటబడినప్పుడల్లా ప్రూయిట్‌కి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

*

పన్నెండు కొట్టేసరికి హాలు తేనెపట్టులా మోగుతోంది. మెడల్లో పేరు బిళ్లలు, చేతుల్లో విజిటింగ్ కార్డులు. నిన్నమొన్నటి వరకు యూనిఫాంలో ఉన్నవాళ్లు ఇవాళ సూట్లలో, తమ కింద పనిచేసినవాళ్ల భుజాలమీద చేతులేసి సరుకు అంటగడుతున్నారు. ఒకడు ప్రూయిట్ ట్రేలోంచి పందిమాంసం పెట్టిన హ్యామ్ బిస్కెట్ తీసుకుంటూ, అతని మొహం కూడా చూడకుండా, "ఈ ఏడాది టార్పెడోలకి మంచి గిరాకీ," అన్నాడు పక్కవాడితో. పెళ్లిసందడిలో చీరల బేరంలా ఉంది వ్యవహారం.

క్రెన్‌షా వచ్చి ముందు బల్ల దగ్గర కూర్చున్నాడు. కూర్చుంటూనే అలవాటు ప్రకారం జేబులోంచి నాణెం తీసి బల్లకేసి కొట్టాడు. ఖంగుమంది. తను మొదట ఎక్కిన ఓడలో గుర్తుగా ఇచ్చిన నాణెం అది. ఆ ఓడని ఎప్పుడో తుక్కుకింద కోసేశారు. నాణెం వెనక కుర్రతనంలో మేకుతో గీసుకున్న తన పేరు పొడి అక్షరాలు ఉన్నాయి. ప్రతి లంచ్‌లోనూ దాన్ని చూపించి కథ చెప్పడం, ఫొటో దిగడం ఆయన ముచ్చట.

పక్క కుర్చీలో పచ్చలరంగు సూటు తొడుక్కుని కోరిన్ టాలివర్. పదకొండేళ్లు నేవీలో లెఫ్టినెంట్‌గా చేసి, ఇప్పుడు నీళ్లలో చప్పుళ్లు పసిగట్టే సోనార్ యంత్రాల చిన్న కంపెనీ తరఫున తిరుగుతోంది. లంచ్ స్పాన్సర్ ఆవిడే. ముఠా తనని కొనేసిందనుకుంటోందనీ, నిజానికి తను మన మనిషనీ స్టిగ్లర్ గొప్పగా చెప్పుకుంటాడు. ఆమె నవ్వితే చుట్టుపక్కల నాలుగు బల్లల మగవాళ్లు టైలు సర్దుకుంటారు.

ప్రూయిట్ చల్లటి టీ కూజా ఎత్తాడు. "చక్కెర వేసిందా మేడమ్, వెయ్యనిదా?"

"వెయ్యనిది. నిమ్మముక్కలు రెండు వెయ్యి."

రెండు. అంటే బహుమతి. స్పీచ్ అయ్యాక అడ్మిరల్‌కి ఇవ్వబోయే చెక్క చుక్కాని చక్రం. పది నిమిషాల్లో స్టిగ్లర్ దాన్ని కిందికి దింపించి ఎక్స్‌రే కింద పెట్టించాడు.

"దొరికింది!" చెవిలో గొంతు పొంగిపోయింది. "ఇరుసులో మైకు. పీకేశాం. చూశావా మన కోరిన్‌ని? బంగారం!"

ప్రూయిట్ ఊపిరి పీల్చుకున్నాడు. ఖాళీ ప్లేట్లు తీస్తూ చూస్తే కోరిన్ అడ్మిరల్ నాణేన్ని అరచేతిలో పెట్టుకుని, "ఎంత అరిగిపోయింది సార్! ఎన్ని సముద్రాలు చూసిందో!" అంటోంది. క్రెన్‌షా ఉబ్బిపోయి కథ ఎత్తుకున్నాడు. కథ అయ్యాక ఆమె నాణెం తిరిగిచ్చింది. ఆయన చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

తర్వాత స్పీచ్. మీరే మా బలం, మీ ఫ్యాక్టరీలే మా రక్షణ, ఇలా అరగంట. చివర్లో ఎవరో చీటీమీద రాసిన ప్రశ్న చదివి, అదే కన్నుగీటు. "ఇది చెప్పకూడదు గానీ..." మూడు వందల తలలు ముందుకు వంగాయి. "ఈ వారంలోనే ఒక మంచి కబురు వింటారు. ఒక మనిషి ఇంటికొస్తున్నాడు. అంతే, ఇంకేం అడక్కండి!"

హాలు నవ్వింది. సిగ్గులేని ముండాకొడుకు! ఒక ప్రాణం నీళ్లలో తేలినా వీడి నోటికి తాళం పడలేదు. తాళం సంగతి దేవుడెరుగు, గడియైనా లేదు.

"థాంక్యూ!" అంటూ క్రెన్‌షా నాణెం తీసి మైకు బల్లకేసి కొట్టాడు.

టప్.

చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. ప్రూయిట్‌కి వినపడింది. గంట కిందట ఖంగున మోగిన నాణెం ఇప్పుడు సత్తురూపాయిలా చచ్చుచప్పుడు చేసింది. లోపల డొల్ల. అతని కళ్లు తిన్నగా పచ్చ సూటు మీదికి వెళ్లాయి.

"సార్," గుసగుసగా అన్నాడు. "నాణెం మార్చేశారు. మైకు అందులో ఉంది. చుక్కానిలో దొరికింది ఎర. మార్చింది కోరినే."

"పిచ్చా నీకు? మైకు దొరికింది, కేసు అయిపోయింది. ఆమె నా మనిషి."

"బేస్ గేటు దగ్గరైనా ఆయన్ని ఆపించండి."

"అడ్మిరల్‌ని గుమ్మంలో నిలబెట్టి జేబులు దులపమనాలా? నీకేదో చప్పుడు తేడాగా వినపడిందని? నా ఉద్యోగం ఉండాలా వద్దా?"

"అక్కడ ఒక ఇంటిల్లిపాదీ చస్తారు సార్."

"ఇది ఆర్డర్. కదలకు."

ప్రూయిట్ చెవిలోంచి రిసీవర్ పీకి, ఎవరో సగం తిని వదిలేసిన చీజ్‌కేకులో గుచ్చాడు.

*

ఒకటీ ఇరవై. క్రెన్‌షా తలుపు వైపు నడుస్తున్నాడు. చుట్టూ కార్డులు చాస్తున్న చేతులు. బయట డ్రైవర్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. కోరిన్ రెండడుగుల దూరంలో, సాగనంపుతున్నట్టు నడుస్తోంది. ఆమె చేతిసంచి కుర్చీకే వేలాడుతోంది. బయటికి వెళ్లే కంగారులో మరిచిందో, మళ్లీ రావచ్చులే అనుకుందో.

మీదపడి పట్టుకుంటే కాపలావాళ్లు వెయిటర్ వెన్ను విరుస్తారు, అడ్మిరల్ కారెక్కిపోతాడు. అరిచి చెబితే నమ్మేదెవరు? అడ్మిరల్‌ని ఆపగలిగింది ఈ హాల్లో ఒక్కటే ఉంది. ప్రూయిట్ కుడి చెయ్యి జేబులోకి వెళ్లింది.

ఓడమీద పనిచేసిన ప్రతివాడి జేబులోనూ తన ఓడ నాణెం ఉండాలి. ఎవడైనా తన నాణెం బల్లకేసి కొట్టి కేకేశాడా, చుట్టూ ఉన్నవాళ్లంతా, చిన్నా పెద్దా లేదు, తమవి తీసి కొట్టాలి. లేనివాడు అందరికీ మందు పోయించాలి. మొహం చాటేస్తే ఆ పరువు మళ్లీ రాదు.

తలుపు పక్క కాఫీ బల్లమీద ప్రూయిట్ తన నాణేన్ని శక్తికొద్దీ కొట్టాడు. కప్పులు ఎగిరాయి.

"నాణెం తియ్యండి!"

హాలంతా అటు తిరిగింది. వెయిటర్! తర్వాత ఎవడో గట్టిగా నవ్వాడు. వెంటనే జేబులు గలగలమన్నాయి. ఖంగు, ఖంగు, ఖంగు. సూట్లలో ఉన్న ముసలి నావికులంతా కుర్రాళ్లైపోయి అందిన బల్లనల్లా కొడుతున్నారు.

"ఏ ఓడ నీది?" అన్నాడు క్రెన్‌షా, నవ్వుతూనే చేతి గడియారం చూసుకుని.

"చాలా ఓడలు సార్. చీఫ్‌ని. కానివ్వండి."

మూడు వందల మంది చూస్తున్నారు. క్రెన్‌షా వెనక్కి వచ్చి నాణెం కొట్టాడు.

టప్.

అదే క్షణంలో పక్కనుంచి ఇంకో చెయ్యి బల్లమీద పడింది. ఆ నాణెం ఖంగుమని మోగింది. పచ్చ సూటు చెయ్యి. పదకొండేళ్లు యూనిఫాంలో తిరిగిన చెయ్యి. ఆ కేక వినగానే మనసుని అడక్కుండా జేబులోకి వెళ్లింది, దొరికింది తీసింది, కొట్టేసింది. ఆమె సొంత నాణెం కుర్చీకి వేలాడే సంచిలో ఉందని గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. అరచేతికింద ఉన్నదాన్ని అలాగే అదిమిపట్టి కోరిన్ తెల్లగా పాలిపోయింది.

"చెయ్యి తియ్యండి మేడమ్," అన్నాడు ప్రూయిట్.

"చీఫ్, ఇది..."

"తియ్యమ్మా!"

తీసింది. బల్లమీద రెండు నాణేలు. ఒకే ఓడ. రెంటి వెనకా మేకుతో గీసిన అవే పొడి అక్షరాలు. క్రెన్‌షా ఒకదాన్నీ మరొకదాన్నీ మార్చి మార్చి చూశాడు. నవ్వు మొహమ్మీద అలాగే ఉండిపోయింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

ప్రూయిట్ మోగని నాణేన్ని తీసి టీ కూజాలో పడేశాడు. రెండు బుడగలు పైకొచ్చి చిట్లాయి. కాపలావాళ్లు కోరిన్‌కి చెరోవైపూ నిలబడ్డారు.

ఆమె పారిపోవాలని చూడలేదు. "ఆయన కన్నుగీటితే మీరు చప్పట్లు కొడతారు," అంది హాలంతా వినేలా. "నేను అమ్మితే మాత్రం సంకెళ్లు. ఈ హాల్లో నేనొక్కదాన్నే దొంగనా చీఫ్?"

ఆ మాట తప్పు కాదని ప్రూయిట్‌కి తెలుసు. అందుకే మరింత మండింది. అడ్మిరల్ దగ్గరికి వెళ్లి, ఆయనొక్కడికే వినబడేలా అడిగాడు: "సార్, పిచ్చుక గుర్తున్నాడా?"

క్రెన్‌షా కనుబొమలు ముడిచి నిజంగానే ఆలోచించాడు.

"ఏ పిచ్చుక?"

ప్రూయిట్ కుడి చెయ్యి పిడికిలి బిగిసింది. ఖాళీగా ఉంచమన్న చెయ్యి. బిగించి, బిగించి, చివరికి విప్పి అసలు నాణెం తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "మీటింగ్‌కి టైమవుతోంది సార్. అక్కడ వినండి. ఇక్కడికొచ్చి చెప్పకండి."

*

నాలుగో రోజు తెల్లవారేసరికి గువ్వ సరిహద్దు దాటాడు. భార్యకి జ్వరం, అతనికి కాలు బెణికింది. ఏ సామానూ తేవద్దంటే కూతురు అకార్డియన్ వదలకుండా మోసుకొచ్చిందట. ఆ కబురు చదివి ప్రూయిట్ బాత్రూంలోకి వెళ్లి కాసేపు కొళాయి తిప్పుకుని నిలబడ్డాడు.

స్టిగ్లర్ రిపోర్టులో అంతా ముందే పసిగట్టి వేసిన పథకం అని రాసుకున్నాడు. ప్రూయిట్‌కి మాత్రం ఆర్డర్ ధిక్కరించినందుకు మందలింపు కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నమే బల్లమీదికి ఇంకో కాగితం కూడా వచ్చింది. వచ్చే నెల లంచ్ ఆహ్వానం, అదే హాలు, అదే కంపెనీలు. స్పీకర్: అడ్మిరల్ క్రెన్‌షా. విషయం: 'రహస్యాలు కాపాడుకోవడం ఎలా? నా అనుభవాలు.' కింద చిన్న అక్షరాలతో, ప్రశ్నలకు ప్రత్యేకంగా ఇరవై నిమిషాలు.

ప్రూయిట్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత నల్ల కోటు ఇస్త్రీకి పంపి, కూజా ఈసారి పెద్దది కావాలని హోటల్‌కి ఫోన్ చేశాడు.