ములాఖత్ ప్రార్థన

పొద్దున లేచిన దగ్గర్నుంచీ గ్లోరీ ఫోన్ చార్జింగ్‌లోనే ఉంది. వంద శాతం నిండాక ఇంకేమీ ఎక్కదని బీటెక్ చదివిన ఆమెకి తెలుసు. అయినా తీయలేదు. ఇవాళ వీడియో ములాఖత్. జైలు నుంచి భర్త కిషోర్ బాబు తెర మీద కనిపించేది కాసిని నిమిషాలే.

మామిడికాయల లోడుతో అతను నడుపుతున్న ట్రాక్టర్ నూజివీడు దారిలో బోల్తా పడి, పైన కూర్చున్న కూలీ చనిపోయాడు. ఆ కేసులోనే శిక్ష. వారం వారం జైలు ఫోన్ నుంచి మాట్లాడేవాడు కాస్తా ఈమధ్య మానేశాడు. ఎందుకో తెలియదు. కారణం తెలియకపోతే మనసు ఊరుకుంటుందా? జ్వరాలు, దెబ్బలు, గొడవలు, అన్నీ అదే అల్లుకుంటుంది.

వరండాలో అత్తగారు లీదియా చిన్న రసాల మామిడికాయలకి పేపరు చుట్టి పెట్టెలో సర్దుతోంది. గ్లోరీ వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, ఈసారి ప్రార్థన వద్దండి."

లీదియా చేతిలో కాయ ఆగిపోయింది. "ఏంటి?"

"పోయినసారి బైబిలు కథంతా అబ్రహాము దగ్గర్నుంచి అందుకున్నారు. మీరు ఐగుప్తు దాటేలోపే కాల్ కట్టయింది. ఆయన్ని తిన్నావా అని కూడా అడగలేకపోయాను."

"దేవుడి మాటకి టైమ్ ఏంటే?"

"దేవుడికి లేదండీ, జైలోళ్ళకుంది. మీరు వంటింట్లో కూర్చుని ప్రార్థన చేసినా దేవుడు వింటాడు. నా మాట మా ఆయన వినాలంటే ఈ కాల్ ఒక్కటే దారి."

"నేను వాడి తల్లిని గ్లోరీ."

"నేను పెళ్ళాన్నండీ!" గ్లోరీ గొంతు లేచింది. "నాకు నిద్ర పట్టట్లేదు. మీకేం, కళ్ళు మూసుకుంటే చాలు, శాంతి వచ్చేస్తుంది."

లీదియా ఇంకో కాయకి పేపరు చుట్టింది, నలిగిపోయేంత గట్టిగా.

సిగ్నల్ మేడ మీదే బాగుంటుంది. ఇద్దరూ ఎక్కారు. లింకు నొక్కాక నల్లటి తెర మీద చక్రం చాలాసేపు తిరిగింది. చివరికి కిషోర్ కనిపించాడు. కాస్త పక్కకి తిరిగి కూర్చున్నాడు. నవ్వుతున్నాడు.

"ఫోన్ ఎందుకు చేయట్లేదు?" గ్లోరీ పలకరింపు కూడా లేకుండా అడిగింది.

"ఇక్కడ లైన్ ఎక్కువ. బాగానే ఉన్నా."

"ఒంట్లో బాగుందా?"

"బాగుంది. మీరెలా ఉన్నారు?"

అన్నీ పొట్టి ముక్కలే. గ్లోరీకి ఇంకేం అడగాలో తెలియలేదు. అంతలో లీదియా చీర కొంగు తల మీదకి లాక్కుంది.

"నాన్నా, ప్రార్థన చేసుకుందాం."

"అత్తయ్యా!"

కిషోర్ అప్పటికే కళ్ళు మూసుకుని తల వంచేశాడు. పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు.

"ప్రేమగల మా పరలోకపు తండ్రీ..."

గ్లోరీ కోపంతో కళ్ళు మూసుకోలేదు. అత్తగారి వైపు చూసి బిత్తరపోయింది. లీదియా నోరు ప్రార్థన చేస్తోంది. కళ్ళు మాత్రం పూర్తిగా తెరిచి, రెప్ప వేయకుండా తెరనే వెతుకుతున్నాయి. గ్లోరీ కూడా చూసింది. తల వంచడంలో కిషోర్ తెర వైపు నేరుగా తిరిగిపోయాడు. ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. పెదాలు వణుకుతున్నాయి.

"...నీ బిడ్డను నీ రెక్కల చాటున... ఒరేయ్ కిషోరూ, అలాగే ఉండు, కదలకు! ఆ దవడేంట్రా?"

ఎడమ దవడ బూరెలా పొంగి ఉంది.

"పన్ను నొప్పమ్మా," అన్నాడతను, దొరికిపోయిన పిల్లాడిలా. "చీము పట్టింది. మాట ముద్దగా వస్తోంది, ఫోన్‌లో మీకు తెలిసిపోద్దని..."

"డాక్టర్‌కి చూపించావా?"

"లేదు. ఒక ప్రాణం తీసినోడిని. పన్ను నొప్పని ఏ మొహంతో చెప్పనమ్మా?"

గ్లోరీ ఫోన్ లాక్కుంది. "ఇవాళే చూపించుకో. ఇప్పుడే చెప్పు అక్కడున్నాయనకి. నువ్వు చెప్పకపోతే నేనే అక్కడికొచ్చి గేటు ముందు కూర్చుంటా. వినపడుతోందా?"

అతను ఏడుస్తూ తలూపాడు. వెనక్కి తిరిగి, "సార్, నాకు డాక్టర్ కావాలి" అనడం వినిపించింది. కాల్ కట్టయింది.

ఇద్దరూ అక్కడే కూలబడ్డారు.

"ప్రతిసారీ కళ్ళు తెరిచే ఉంచుతారా?" గ్లోరీ మెల్లగా అడిగింది.

"వాడు కళ్ళు తెరిచున్నంతసేపూ నవ్వుతూనే ఉంటాడే. మూసుకుంటేనే నా కొడుకు కనపడతాడు." లీదియా కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీతో చెప్పలేదు. నువ్వు బెంగపడతావని."

"దేవుడేం అనుకోడాండీ?"

"ఆయన మాత్రం కళ్ళు మూసుకుంటాడా?"

గ్లోరీకి నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. అత్తగారి ఒళ్ళో తల పెట్టేసింది. లీదియా ఆమె జుట్టు నిమురుతూ అంది:

"వచ్చేసారి నేను నిజంగానే కళ్ళు మూసుకుని చేస్తానమ్మా. నువ్వు వాణ్ణి చూడు."