బతికిన రెండు ఫ్లాస్కులు

సోమవారం ఉదయం ఇంక్యుబేటర్ తలుపు తీసిన ఫర్హానాకి పద్నాలుగు నెలల కష్టం మొత్తం వంకాయ రంగుకు తిరిగి కనిపించింది.

నారింజ రంగులో ఉండాల్సిన ప్లేట్లు. ఒక్కో ప్లేటులో తొంభై ఆరు గుంటలు. గుంట గుంటకీ ప్రాణమున్న కణాలు. వాటికి తిండి పెట్టే ద్రవం రంగు మారిందంటే ఒకటే అర్థం. లోపల ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ లేదు. అది లేకపోతే ద్రవం పాడవుతుంది, కణాలు చస్తాయి.

ఆమె పరుగున సిలిండర్ దగ్గరకు వెళ్లింది. వాల్వు గట్టిగా కట్టేసి ఉంది.

"వీరదుర్గా!"

తాడేపల్లిగూడెంలోని ఆ కోళ్ల వ్యాధుల ల్యాబులో ఇరవై ఏళ్లుగా అటెండరుగా ఉన్న వీరదుర్గ, ఆ కేకకి చేతిలోని చీపురు వదిలేసి వచ్చింది.

"శనివారం సాయంత్రం సిలిండర్ మార్చిందెవరు?"

"మీరేగామ్మా!"

"నిన్న ఎవరైనా వచ్చారా?"

"డోరు రబ్బరు మార్చడానికి ఏలూరు మెకానిక్ వచ్చారమ్మా. ఇలియాస్ గారు. మీరే రమ్మన్నారంట కదా?"

"ఆయనకి డోరుతో పని. సిలిండరుతో పనేముంది?"

అంటూనే ఫర్హానా స్టూలు మీద కూలబడింది. శనివారం ఐదున్నర. ఏలూరు వెళ్లే ప్యాసింజర్ పోతుందన్న హడావుడి. కొత్త సిలిండర్ బిగించింది. వాల్వు తిప్పిందా? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

దొంగ దొరికేసింది. ఆ దొంగ తనే.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒక మనిషి దగ్గాడు. నీలం చొక్కా, జేబులో టెస్టరు, వానలో తడిసిన జుట్టు.

"నమస్తే అండీ. ఇలియాస్‌ని. నిన్న వేసిన రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూసిపోదామని వచ్చాను."

"కూర్చుంది. దాంతోపాటు శని కూడా వచ్చి నా నెత్తిన కూర్చున్నాడు."

"అయ్యో, ఏమైందండీ?"

"ఏమైందా? ఇటు రండి, చూద్దురుగాని! ఇవన్నీ నారింజ రంగులో ఉండాలి. గ్యాస్ ఆగిపోయింది. అన్నీ చచ్చాయి."

అతని మొహం ఒక్కసారిగా పాలిపోయింది. "ఆ గ్యాస్... ఉండాలాండీ?"

"ఉండాలి! ఐదు శాతం! అది ఉంటేనే వీటికి బతుకు."

"మేడమ్, ఒక్క మాట చెప్పాలండీ..."

"దయచేసి ఓదార్చకండి. వాల్వు తిప్పడం మర్చిపోయింది నేను. ఎవర్నీ అనడానికి లేదు."

ఇలియాస్ నోరు తెరిచాడు. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి మూసేశాడు. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక ఇంక్యుబేటర్ లోపలికి చూశాడు. వంగాడు. ఇంకా వంగాడు.

"అదిగో, వెనకాల ఆ రెండు సీసాలు... అవి రంగు మారలేదండీ."

ఫర్హానా ఒక్క అంగలో అక్కడుంది. రెండు చిన్న ఫ్లాస్కులు. నారింజ రంగు. మూతల మీద ఆమె చేత్తో రాసిన అక్షరాలు: 7డి4.

మూతలు బిగించి ఉన్నాయి. లోపలున్న గ్యాస్ లోపలే ఉండిపోయింది.

"మూతలు బిగించారేంటమ్మా? మీరెప్పుడూ వదులుగానే పెడతారుగా!" అంది వీరదుర్గ.

"ఏమో, అదీ తొందర్లోనే చేసుంటాను. ఒక పొరపాటు చంపింది, ఇంకో పొరపాటు బతికించింది."

మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. కణాలు చాలావరకు నల్లబడి ముడుచుకుపోయాయి. కానీ మధ్యమధ్య గుండ్రంగా, ముత్యాల్లా మెరుస్తూ కొన్ని. ఫర్హానా ఏడుస్తూనే నవ్వేసింది. ఆ నవ్వు చూశాక ఇలియాస్‌కి చెప్పదలుచుకున్న మాట గొంతు దిగి ఎటో వెళ్లిపోయింది.

* * *

డైరెక్టర్ నిత్యానందం గారు కోప్పడలేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"నిర్లక్ష్యం నాదేనని రాసిచ్చారు, మంచిదే. ఐదు నెలలు టైమిస్తాను. కొక్కెర తెగులుని కోళ్ల షెడ్డులోనే నిలబడి పట్టేసే టెస్టు స్ట్రిప్పు నా బల్ల మీద ఉండాలి. లేదంటే ప్రాజెక్టు వేరే ల్యాబుకి, మీరు గుడ్ల లెక్కల సెక్షనుకి."

అంటే ఆ ముత్యాలు బతికితేనే ఫర్హానా ఆ గదిలో ఉంటుంది.

వాటిని కంటికి రెప్పలా కాచింది. కరెంటు పోతే ప్రాణం పోయినంత పని. ఎవరూ అడక్కుండానే ఇలియాస్ ఒక ఇన్వర్టర్ తెచ్చి బిగించాడు. "మిషన్ ఈ మధ్యే దెబ్బతిందండీ, నాలుగు రోజులు కనిపెట్టి ఉండాలి" అన్నాడు. నాలుగు రోజులు కాస్తా ప్రతి గురువారం అయింది. వచ్చినప్పుడల్లా పెంటపాడు నుంచి తాజా కొబ్బరిబొండాలో, భీమడోలు జామకాయలో సంచిలో ఉండేవి.

"ఇంతకీ ఇందులో ఏముందండీ? గుడ్లు లేవు, పిల్లలు లేవు. ఇంత కాపలా ఎందుకు?"

"పెళ్లైన కణాలున్నాయి."

ఇలియాస్ చేతిలోని స్పానర్ జారింది. "పెళ్లా?"

"అవును. కోళ్లకొచ్చే కొక్కెర తెగులు వైరస్‌ని ఎలుకకి చూపిస్తాం. దాని ఒంట్లో ఒక కణం ఆ వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీ తయారుచేస్తుంది. గొప్ప పనిమంతురాలు. కానీ ఆయుష్షు తక్కువ, వారంలో పోతుంది. ఇంకో పక్క ఒక క్యాన్సర్ కణం ఉంటుంది. దానికి పనీపాటా లేదు, చావూ లేదు. ఈ రెంటికీ మందు పెట్టి పెళ్లి చేస్తాం. పుట్టిన కణం ఎన్నాళ్లైనా బతుకుతుంది, ఒకే రకం యాంటీబాడీ తయారుచేస్తూనే ఉంటుంది."

"పనిమంతురాలికి పనీపాటా లేనివాడితో పెళ్లా! అమ్మాయి వైపు వాళ్లు ఎలా ఒప్పుకున్నారండీ?"

"వాడికి చావు లేదు కదా, అందుకు."

"ఆ ఒక్క అర్హత నాకు లేదండీ," అన్నాడు స్పానర్ తీసుకుంటూ.

ఫర్హానా మొహం తిప్పేసుకుంది. చెవులు ఎర్రబడటం అతను చూడకూడదని. "ఈ 7డి4 ఎందుకంత గొప్పదో తెలుసా? టీకాలో ఇచ్చే వైరస్‌ని వదిలేస్తుంది. నిజంగా కోళ్లని చంపే వైరస్‌నే పట్టుకుంటుంది. అలాంటిది వెయ్యి గుంటల్లో ఒక్కటే దొరికింది."

ఇలియాస్ నవ్వు మాయమైంది. "మేడమ్, మీకొక మాట చెప్పాలండీ. మొదటి రోజు నుంచీ చెప్పాలనే..."

ఆమె గుండె ఒక్కసారి ఎగిరిపడింది. మొదటి రోజు నుంచా? వీరదుర్గ తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ చెవులు రిక్కించింది.

"ఇప్పుడు కాదు," అంది ఫర్హానా గబగబా. "ఈ 7డి4 క్లోన్ నిలదొక్కుకోనివ్వండి. అప్పుడు చెప్పండి."

క్లోన్ నిలదొక్కుకుంది. ఒక్కొక్క కణాన్నీ వేరుచేసి మళ్లీ పెంచింది. కొన్నిటిని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి రెండు చోట్ల దాచింది. మళ్లీ అతను "ఆ మాటండీ..." అన్నాడు.

"స్ట్రిప్పు రానివ్వండి," అంది, ఈసారి కొంచెం నవ్వుతూ.

ఇంటికెళ్లే ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట అతను ఎలా మొదలుపెడతాడో రకరకాలుగా ఊహించుకునేది. ఏలూరు పవర్‌పేటలో గడియారాలు బాగుచేసే ఆమె తండ్రి హిదాయతుల్లా రెండు వారాలు చూసి, మూడో వారం భార్యతో అన్నాడు: "మన అమ్మాయి టైము తప్పుతోంది. ఎవరో స్ప్రింగు కదిపారు."

* * *

స్ట్రిప్పు తయారైన తొమ్మిదో రోజున గుండుగొలను నుంచి ఫోను.

దాణా వ్యాపారి సుబ్బరామయ్య గారి షెడ్డులో ఉదయానికి నూట ఎనభై కోళ్లు పడిపోయాయి. బర్డ్ ఫ్లూ అని ఊరంతా గుప్పుమంది. అదే నిజమైతే అధికారులు చుట్టుపక్కల షెడ్లన్నిట్లో ఒక్క కోడినీ మిగల్చరు.

హోరున వాన. ఇలియాస్ వ్యానులో వెళ్లారు. వైపరు పనిచెయ్యలేదు.

"ఊళ్లోవాళ్ల మిషన్లన్నీ బాగుచేస్తారు, మీ వైపరు బాగుచేసుకోలేరా?"

"తొందరగా వెళ్లాలంటే బాగుండాలండీ. మీతో వెళ్లేటప్పుడు ఫరవాలేదు."

"కోళ్లు చస్తున్నాయి!"

"తప్పేనండీ," అంటూ కిటికీలోంచి తల బయటకు పెట్టి, తడుస్తూనే నడిపాడు.

షెడ్డు ముందు నలభై మంది ఉన్నారు. పశువైద్య శాఖ వాళ్లు నమూనాలు తీసి పంపారు. రిపోర్టుకి రెండు రోజులు పడుతుంది.

"కొల్లేరు పక్షులే తెచ్చాయంటున్నారమ్మా," అన్నాడు సుబ్బరామయ్య. "నా షెడ్డు పోతే పోయింది. నా వల్ల వీళ్లందరి షెడ్లూ పోతాయేమో. ఆ చీటీ ముక్క నిజం చెబుతుందాండీ?"

"చెబుతుందండీ."

మాస్కు, గ్లవ్స్ వేసుకుని లోపలికి వెళ్లింది. మెడ వంకర తిరిగిన కోడి నోట్లోంచి దూది పుల్లతో తడి తీసింది. ద్రవంలో కలిపింది. మూడు చుక్కలు స్ట్రిప్పు మీద వేసింది. పదిహేను నిమిషాలు.

ఒక గీత వచ్చింది. అది ఎప్పుడూ వచ్చేదే. రోగం ఉంటేనే వచ్చే రెండో గీత చోటు తెల్లగా ఉంది. ఏడో నిమిషంలో ఆ తెలుపులో గులాబీ నీడ. పదో నిమిషానికి గీత. పదిహేనుకి, కళ్లజోడు లేని సుబ్బరామయ్యకి కూడా కనిపించేంత గీత.

"కొక్కెర తెగులు," అంది ఫర్హానా. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఇది చంపే వైరసే. కానీ దీనికి టీకా ఉంది. పక్క షెడ్లన్నిటికీ ఇవాళే వేయించండి. బర్డ్ ఫ్లూ సంగతి రిపోర్టు వచ్చేదాకా ఎవరూ కోళ్లని కదపకండి."

సాయంత్రానికల్లా పదకొండు షెడ్లలో టీకాలు పడ్డాయి. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది: కొక్కెర తెగులు, బర్డ్ ఫ్లూ కాదు. రోగం సుబ్బరామయ్య షెడ్డు గోడ దాటలేదు. అరవై వేల కోళ్లు మేత తింటూనే ఉన్నాయి.

* * *

నెల తిరక్కుండా తాడేపల్లిగూడెంలో కోళ్ల రైతుల సభ. హాలు కిటకిటలాడింది. ముందు వరసలో హిదాయతుల్లా కొత్త షేర్వానీలో కూర్చున్నాడు. సుబ్బరామయ్య కప్పిన శాలువాతో వేదిక మీద ఫర్హానా. చప్పట్లు ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది.

"ఈ శాలువా ఉంచుకునే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలండీ," అంది మైకులో. "ఆ రోజు గ్యాస్ వాల్వు మర్చిపోయి ఇదంతా చంపబోయింది నేనే..."

"ఆగండి మేడమ్!"

వెనక వరసలోంచి ఇలియాస్ లేచాడు. కుర్చీలు తప్పించుకుంటూ వేదిక ఎక్కి, చెమట పట్టిన చేత్తో మైకు అందుకున్నాడు.

"ఆవిడ మర్చిపోలేదండీ. వాల్వు తెరిచే ఉంది. కట్టేసింది నేను. పదకొండేళ్లుగా హేచరీల్లో ఇంక్యుబేటర్లు బాగుచేస్తున్నాను. అక్కడ కార్బన్ డయాక్సైడ్ అర శాతం దాటితే గుడ్లో పిల్ల ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుందండీ. ఆ ఆదివారం డోరు రబ్బరు మార్చడానికి వెళ్తే బోర్డు మీద ఐదు అని ఉంది. నా గుండె జారిపోయింది. లోపలేవో ప్రాణాలున్నాయి, ఎవరో చూసుకోలేదు అనుకుని పరిగెత్తి వాల్వు కట్టేశాను. ఫ్లాస్కుల మూతలు వదులుగా ఉంటే ఒలికిపోతాయని బిగించాను. తర్వాత తలుపు బార్లా తీసి గాలి ఆడించాను. పుణ్యం చేశాననుకుని ఇంటికెళ్లి హాయిగా బిర్యానీ తిన్నానండీ."

హాలంతా ఘొల్లుమంది. నిత్యానందం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఫర్హానా మాత్రం నవ్వలేదు.

"మీరు ఇన్నాళ్లూ చెప్పాలన్న మాట ఇదేనా?"

"ఇది సగమేనండీ."

"నేను ఐదు నెలలు నన్ను నేను తిట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదు?"

"చెప్పబోయిన ప్రతిసారీ మీరు ఆపేశారండీ. ఆపినందుకు లోపల్లోపల సంతోషించాను. అదీ నా తప్పే."

"ఆ సంతోషం దేనికి? మిగతా సగం కూడా చెప్పండి," అంది. ఈసారి ఆమె పెదవి అంచున నవ్వు దాగలేదు.

ఇలియాస్ ముందు వరస వైపు భయంగా చూశాడు. హిదాయతుల్లా చేతి గడియారం చూసుకుని అన్నాడు: "చెప్పు బాబూ, టైము బాగుంది. ఇంటికొచ్చి చెప్పేదేదో ఇక్కడే చెప్పేస్తే మాకు చాయ్ ఖర్చు తప్పుతుంది."

"నిజం చెబితే మళ్లీ ఆ ల్యాబు గుమ్మం ఎక్కనివ్వరని భయపడ్డానండీ," అన్నాడు ఇలియాస్ ఆమె కళ్లల్లోకే చూస్తూ. "ఆ మిషన్‌కి ఏ జబ్బూ లేదు. మొదటి వారంలోనే తెలిసిపోయింది. అయినా ప్రతి గురువారం వచ్చాను. మీ కోసమే వచ్చానండీ."