ఓటిస్ బ్రాండ్‌వెల్ మొహం

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మిల్టన్ క్రేబ్. స్టూడియో డబ్బింగ్ గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఒక్క పూట కూడా ఆలస్యంగా రాలేదు. మిగతావాళ్ళు చెప్పేవి నమ్మకండి. వాళ్ళెవరూ ఆ గదిలో లేరు.

1958 అక్టోబరు, మంగళవారం పొద్దున పది గంటలు. బయట లాస్ ఏంజిలస్ ఎండ కళ్ళు చెదరగొడుతోంది. కిటికీలు లేని ఆ గదిలో మాత్రం చీకటి. గోడలకు కొట్టిన కంబళ్ళ ముక్కవాసన, వేడెక్కిన ప్రొజెక్టరు వాసన. తెర ముందు, మైకు దగ్గర గ్రాంట్ లాసిటర్ నిలబడ్డాడు. గురువారం రాత్రి ఎనిమిదయితే ఊళ్ళో పిల్లలంతా టీవీల ముందు చేరేది ఇతని కోసమే. గుర్రం, తుపాకీ, ఛాతీ మీద కౌబాయ్ సీమ పోలీసు పెట్టుకునే మార్షల్ బిళ్ళ.

అంతకు ముందు అతను నెబ్రాస్కాలో పాలబండి తోలేవాడి కొడుకు గస్ లుండ్‌క్విస్ట్. స్టూడియోవాళ్ళు ఆ పేరు తీసి పారేశారు. ఆ పేరుతో పిలిచేవాడు ఒక్కడే మిగిలాడు, అతని డూపు ఓటిస్ బ్రాండ్‌వెల్. అవే బట్టలు, అదే టోపీ. గుర్రం మీంచి పడాలన్నా, మేడ మీంచి పడాలన్నా ఓటిసే. డూపు కెమెరాకి మొహం చూపకూడదు. ఏడేళ్ళలో ఓటిస్ ఒక్కసారీ చూపలేదు.

ఆ ఓటిస్ పోయి అప్పటికి మూడు వారాలు.

హోటల్ సెట్టు కప్పు మీంచి పదిహేడు అడుగులు. పత్రికలో ముప్పై అని రాశారు, తప్పు. ఓటిస్ నీళ్ళతొట్టి వెనక అట్టపెట్టెల మీద పడాలి. అక్కడే ముందుగా పడుకుని ఉన్న గ్రాంట్ దుమ్ము దులుపుకుంటూ లేవాలి. మధ్యలో కెమెరా ఆగదు. చూసేవాళ్ళకి మనిషి ఒకడే. ఆ రోజు ఓటిస్ పెట్టెలు తప్పి నేల మీద పడ్డాడు. గ్రాంట్ మాత్రం లేచాడు. నవ్వాడు. టోపీ సర్దుకుని గుర్రం దాకా నడిచాడు. వెనక ఏం జరిగిందో తనకి తెలీదని అందరితో చెప్పాడు.

‘మా మార్షల్ డూపుని పెట్టుకోడు, తనే పడతాడు’ అని షోకి డబ్బు పెట్టే కాఫీపొడి కంపెనీ ఊరంతా ప్రకటనలు వేసింది. వచ్చే ఏడాది షో ఉంటుందో ఉండదో ఆ మాట మీదే ఉంది. అందుకని ఓటిస్ పేరు ఎక్కడా రానివ్వలేదు. అతను పడ్డ ముక్కనే షోలో ఉంచేశారు. గాలి హోరుకి శబ్దం పాడయింది కాబట్టి, పడేటప్పటి కేక గ్రాంట్ మళ్ళీ వేయాలి.

“ఒక్క కేకేగా. పది నిమిషాల్లో వదిలెయ్, ముసలాయనా” అన్నాడు గ్రాంట్, మిల్టన్‌తో.

“సమయానికి అరిస్తే అయిదు చాలు బాబూ. పోయినవారం నీ గుర్రం నయం, చెప్పినప్పుడు సకిలించింది.”

పన్నెండు సెకన్ల ఫిలిం. రెండు కొసలూ అంటించి గుండ్రంగా తిప్పుతారు. తెర మీద ఓటిస్ వీపు... పడటం... చీకటి. మళ్ళీ వీపు... పడటం... చీకటి.

మొదటిసారి గ్రాంట్ కేక ఆలస్యమయింది. రెండోసారి ముందే వేశాడు. మూడోసారి అసలు నోరు తెరవలేదు.

“ఫిలిం మార్చావా?”

“మార్చడానికి ఏముంది బాబూ? అదే ముక్క.”

“వాడి చెవి కనిపిస్తోంది.”

“ఎవరి చెవి?”

“ఓటిస్‌ది. తల తిప్పుతున్నాడు.”

మిల్టన్ నవ్వాడు. “ఓటిసా? వాడు పెళ్ళి ఫొటోలో కూడా వీపే చూపించి ఉంటాడు. ఊఁ, కానియ్.”

నాలుగోసారి మిల్టన్ కూడా చూశాడు. దవడ కనిపించింది.

అయిదోసారి... చెంప.

ప్రొజెక్టరు ఆపబోయాడు మిల్టన్. మీట కిందికి దిగింది. ఫిలిం ఆగలేదు. అప్పుడు చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోనులో గుసగుస వినపడింది. చాలా దగ్గరగా. నోట్లో మట్టి ఉన్నవాడి గొంతు.

“ఒరేయ్ గస్... లేవకురా... మెడ విరిగింది... ఎవరినైనా పిలువు...”

మైకు దగ్గర గ్రాంట్ పెదవులు కదులుతున్నాయి. కళ్ళు తెర మీదే ఉన్నాయి.

“ఒక్క నిమిషం ఓర్చుకోరా. కెమెరా తిరుగుతోంది. నా కాలు వదులు.”

“గస్...”

“వదలరా! చూస్తున్నారు!”

మిల్టన్‌కి అర్థమయింది. మూడు వారాల కిందట తొట్టి వెనక అన్న మాటలే ఇవి. తెలీదన్న మనిషికి అన్నీ తెలుసు.

“బాబూ, బయటికి రా. జరిగింది చెప్పేద్దాం. వాడి పేరు చెప్పెయ్.”

“చెబితే నేను ఊరెళ్ళి మా నాన్నలా పాలబండి తోలుకోవాలి.”

ఆరోసారి తెర వెలిగింది.

మిల్టన్ తల దించుకున్నాడు. తెర వైపు చూడలేదు. ముందున్న, శబ్దం కొలిచే సూది వైపే చూశాడు. అది సున్నా దగ్గరే ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అంటే మైకులో చిన్న శబ్దం కూడా పడలేదు. కానీ హెడ్‌ఫోనులో కేక. పొడుగ్గా... తెగకుండా... పడుతూనే ఉన్న మనిషి కేక.

తర్వాత టేపు వేసి చూస్తే ఆ కేక ఉంది. సరిగ్గా సమయానికి పడింది. బాగుందన్నారు. గురువారం వేశారు. చివర పేర్లలో గ్రాంట్ లాసిటర్ అనే వచ్చింది.

ఆ తర్వాత గ్రాంట్ మొహం ఏ కెమెరాకీ దొరకలేదు. యాక్షన్ అనగానే తల అటు తిరిగిపోయేది. “తిప్పింది నేను కాదు” అని ఏడ్చేవాడట. వసంతానికల్లా షో ఎత్తేశారు. చెప్పుల దుకాణాల ప్రారంభాలకు మార్షల్ టోపీ పెట్టుకుని వెళ్ళి, ఇచ్చింది పుచ్చుకునేవాడు. 1967లో వాన్ నైస్‌లో ఒక అద్దెగదిలో పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు. ‘ప్రతి దెబ్బా తనే తిన్న వీరుడు’ అని పేపర్లో వేశారు. అది రాసినవాణ్ణి నేను ఈనాటికీ క్షమించలేదు.

ఆ షో ఇప్పటికీ మధ్యాహ్నాలు వేస్తున్నారు. ఓటిస్ మనకు వీపు పెట్టి, పద్ధతిగానే పడతాడు. కానీ గ్రాంట్ పోయినప్పటి నుంచీ, వాడు దూకిన చోట, కప్పు మీద, ఇంకొకడు నిలబడి ఉంటున్నాడు. అవే బట్టలు. మనకు వీపు. తన వంతు కోసం ఆగినట్టు... షూటింగు రోజు కప్పు మీద రెండో మనిషి లేడు. ఓటిస్ ఎక్కిన నిచ్చెన పట్టుకున్నది నేనే.

అందుకని అడుగుతున్నాను. ఆ టీవీ స్టేషన్‌లో ఎవరైనా ఇది చదివితే, చివర పేర్లలో పడ్డవాడు ఓటిస్ బ్రాండ్‌వెల్ అని వేయండి. తొందరగా వేయండి. వేసిన ప్రతిసారీ ఆ రెండోవాడు అంచుకి ఇంకో అడుగు దగ్గరవుతున్నాడు.