మీటర్ కదపని షి-యెన్

"మీ మీటర్‌కి ఏ రోగమూ లేదండీ," అంది పెయ్-రూ, స్కూటర్ దిగకుండానే. "ఉన్న రోగమంతా మీ ఫోన్‌కే. ఊరికే మా ఆఫీసుకి మోగుతుంది."

చేపల చెరువు గట్టు మీద షి-యెన్ తల గోక్కున్నాడు. పెయ్-రూ తైవాన్‌లోని తైనాన్ ఊళ్ళో, చెరువు నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే మీటర్లు బాగుచేసే పిల్ల. వచ్చినప్పుడల్లా సెన్సర్ మూతికున్న పల్చటి పొర మార్చేది, లోపల ఉప్పు ద్రావణం నింపేది. ఆమె స్కూటర్ మలుపు తిరిగిందో లేదో, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయిందంటూ మళ్ళీ ఇతని ఫోన్.

ఇవాళ మాత్రం అతని గుండెల్లో రాయి పడింది. విసిగిపోయిన వాళ్ళమ్మ, కాంతితో కొలిచే కొత్త మీటర్ కొంటానంది. దానికి పొర అక్కర్లేదు, ద్రావణం అక్కర్లేదు, నీళ్ళలో కదపక్కర్లేదు. పెయ్-రూ కూడా అక్కర్లేదు.

"ఏదీ, సెన్సర్ నా ముందు ముంచండి."

ముంచాడు. ముంచి, ఆమె చెంప మీదికి జారిన జుట్టునే చూస్తూ శిలలా నిలబడిపోయాడు. ఆరు. ఐదు. నాలుగు. రీడింగ్ మెట్లు దిగుతోంది. చెరువులో పాలచేపలు మాత్రం పెళ్ళివారిలా సందడి చేస్తున్నాయి.

"కదపండి మహానుభావా. కొలిచే ఆక్సిజన్‌ని ఆ మూతే తినేస్తుంది. ఒక్కచోటే పెడితే చుట్టూ ఉన్నదంతా మింగి, లేదు లేదని ఏడుస్తుంది. కొత్త నీళ్ళు తగులుతూ ఉండాలి. మొదటిరోజే చెప్పానా?"

"చెప్పారు."

"మరి?"

"కదిపితే సరిగ్గా చూపిస్తుంది." అతని చెవులు ఎర్రబడ్డాయి. "సరిగ్గా చూపిస్తే మీరు రారు."

పెయ్-రూ స్కూటర్ దిగి గట్టు మీదికి వచ్చింది.

"మీ వల్ల ఆఫీసులో ఎన్ని తిట్లు తిన్నానో తెలుసా? బాగుచెయ్యడం చేతకాదన్నారు. ఈ చెరువు పని వేరేవాళ్ళకి ఇస్తామన్నారు."

"ఇచ్చేశారా?"

"నేనే వద్దన్నాను."

షెడ్డులోంచి వాళ్ళమ్మ తల బయటపెట్టింది. "అమ్మయ్య, నోరు విప్పాడు. చేపలు బాగానే ఉన్నాయి, ఊపిరాడనిది మా వాడికేనని నాకెప్పుడో తెలుసు. కొత్త మీటర్ అన్నది అందుకే. రామ్మా, చేప గంజి చల్లారిపోతోంది."

పెయ్-రూ నవ్వుతూ అతని మణికట్టు పట్టుకుని, సెన్సర్ తీగని నీళ్ళలో మెల్లగా అటూ ఇటూ ఆడించింది. ఐదు. ఆరు. ఏడు.

"సరిగ్గానే చూపిస్తోందిగా," అన్నాడు షి-యెన్ బెంగగా. "ఇక వదిలేస్తారా?"

"ఆపితే పడిపోతుంది," అంది ఆమె, చెయ్యి వదలకుండా.